గుంపే యొకోయి

గుంపే యొకోయి (సెప్టెంబరు 10, 1941 - అక్టోబరు 4, 1997) జపాను దేశానికి చెందిన సుప్రసిద్ధ ఆటబొమ్మల, వీడియో ఆటల యంత్రాల రూపకర్త. క్యోటో నగరములోని నింటెండో సంస్థలో ఈయన ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాడు. గేమ్ అండ్ వాచ్, గేమ్ బాయ్ అనే యంత్రాలు ఈయన నాయకత్వములోనే రూపొందాయి. వీడియో ఆటల యంత్రాలలో బొటనవ్రేలితో నొక్కే, కూడిక గుర్తు ఆకారములో ఉండే మీట కూడా ఈయన ఆలోచనే. జపాను విపణిలో చేతిలో పట్టుకొని ఆడే యంత్రాల మధ్య జరిగిన పోటీలో ఇరుపక్షాలలోనూ ఈయన హస్తము ఉంది. గేమ్ బాయ్‌ను తీర్చిదిద్దిన ఈయనే, తరువాత దానికి పోటీగా బండాయ్ సంస్థ విడుదల చేసిన వండర్‌స్వాన్ రూపకల్పనలోనూ పాలుపంచుకొన్నాడు. తెలుగువారిలో వలెనే జపానీయులలో కూడా ఇంటిపేరు ముందు వస్తుంది కనుక స్వదేశములో ఈయనను యొకోయి గుంపే అని వ్యవహరిస్తారు.

తొలి జీవితము

యొకోయి క్యోటోలో జన్మించాడు. అదే నగరములోని దోషిషా విశ్వవిద్యాలయములో విద్యుత్ శాస్త్రము చదివి పట్టభద్రుడైనాడు. పేరున్న విద్యుత్ పరికరాల సంస్థలలో ఉద్యోగము దొరకక, 1965 లో స్వస్థలములోనే ఉన్న నింటెండోలో చేరాడు. అప్పటికి నింటెండో పేకముక్కల సంస్థ. 1889 లో హనఫుదా అనే జపానీయ పేకముక్కల తయారీతో మొదలైన ఆ సంస్థకు స్థాపకుని వంశీయుడైన హిరోషి యమౌచి అధ్యక్షుడు. ముక్కలు తయారుచేసే యంత్రాలు చెడిపోకుండా చూసుకొనుట యొకోయికి అప్పగించిన పని. ఆ పనిలో తీరిక ఎక్కువ. ఆ తీరికే ఈయన జీవితాన్ని మలుపు తిప్పింది.

బొమ్మల తయారీ

కర్మాగారములోని పనిముట్లతో యొకోయి సరదాకు ఒక బొమ్మ చేసుకొన్నాడు. కత్తెర వలె ముడుచుకొని, పిడిని నొక్కితే ముందుకు చాచుకొని దూరాన ఉన్న వస్తువును పట్టుకొనే చేయి అది. ఒకనాడు అధ్యక్షుడు యమౌచి దానిని చూశాడు. పని వేళలో ఆడుకొంటున్నందుకు చీవాట్లు తప్పవని యొకోయి భయపడగా, ఆయన దానిని అమ్మకానికి పనికివచ్చేలా తయారుచేయమని ఆదేశించాడు. 1966 లో అల్ట్రా హ్యాండ్ పేరుతో విడుదలైన ఈ బొమ్మ 12 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. యంత్రాల మరమ్మతుదారు బొమ్మల రూపకర్తగా మారాడు.

ఇంటిలో బంతులు విసిరే అల్ట్రా మెషిన్, ఇద్దరు వ్యక్తులు చేతులు పట్టుకొన్నప్పుడు వారి గుండా ప్రవహించే స్వల్ప విద్యుత్తును కొలిచి వారి ప్రేమ ఎంతో చూపినట్లు నటించే లవ్ టెస్టర్ (1969) ఆ తరువాత వచ్చాయి. 1970 లో వచ్చిన కాంతి తుపాకీ బొమ్మలో షార్ప్ సంస్థ తయారుచేసిన సౌర ఘటాలను వాడారు. ఎండ నుండి విద్యుత్తును పుట్టించుటకు ఉద్దేశించిన ఘటాన్ని, తుపాకీ నుండి వచ్చిన వెలుగు గురికి తగిలిందో లేదో చెప్పే సాధనముగా మార్చారు. ఈ సందర్భములోనే షార్ప్ నుండి మసయుకి ఉయెమురా అనే ఇంజనీరు నింటెండోకు వచ్చాడు. తరువాతి కాలములో ఫామికామ్‌ను రూపొందించినవాడు ఇతడే. అదే కాంతి తుపాకీని పెద్దయెత్తున మలచి 1973 లో లేజర్ క్లే అనే వినోదశాలలను ప్రారంభించారు కాని, ఆ సంవత్సరమే వచ్చిన చమురు సంక్షోభముతో ఒప్పందాలు రద్దయి నింటెండో అప్పుల పాలైంది.

యొకోయి పనితీరును తెలుసుకొనుటకు 1972 నాటి లెఫ్టీ ఆర్‌ఎక్స్ అనే రేడియో కారు మంచి ఉదాహరణ. ఆ రోజులలో రేడియోతో నడిపే కార్లు సామాన్యులకు అందని ధరలో ఉండేవి. యొకోయి తన కారు ఎడమ వైపుకు మాత్రమే తిరిగేలా చేసి ఖర్చు తగ్గించాడు. పందెపు బాట ఎటూ గుండ్రముగానే ఉంటుంది కనుక ఎడమకు తిరిగితే చాలును. సరికొత్త పరిజ్ఞానము వెంట పరుగెత్తరాదనీ, పాతబడి చౌకబడి గుణదోషాలు అందరికీ తెలిసిపోయిన పరిజ్ఞానాన్ని ఎవరూ ఊహించని పనికి వాడుకోవాలనీ ఈయన సిద్ధాంతము. నింటెండో చరిత్ర వ్రాసినవారందరూ ఈ సిద్ధాంతాన్ని ప్రస్తావిస్తారు.

గేమ్ అండ్ వాచ్

1970 లలో షార్ప్, కాసియో సంస్థల మధ్య కాలిక్యులేటర్ల పోటీ తీవ్రముగా సాగింది. ఆ పోటీ ఫలితముగా ద్రవస్ఫటిక తెరలు, చిన్న చిప్‌లు అత్యంత చౌకగా లభించసాగాయి. ఒకసారి షిన్కాన్‌సెన్ బుల్లెట్ రైలులో ప్రయాణిస్తూ, ఎదుట ఉన్న ఉద్యోగి ఒకరు ఏమీ తోచక కాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కాలక్షేపము చేయుట యొకోయి గమనించాడు. ఇతరులకు కనబడకుండా పెద్దవారు చేతులలో దాచుకొని ఆడుకొనే చిన్న ఆట యంత్రము అన్న ఊహ అప్పుడు కలిగింది. కొంతకాలానికి అధ్యక్షుని కారు డ్రైవరు రాకపోవడముతో ఆ కారును నడిపే పని యొకోయి మీద పడింది. దారిలో మాటల మధ్య ఈ ఊహను యమౌచితో చెప్పాడు. ఆనాటి సమావేశములో యమౌచి ప్రక్కన కూర్చున్నది షార్ప్ సంస్థ అధ్యక్షుడు. వారము తిరగకుండానే షార్ప్ అధికారులు నింటెండోకు వచ్చారు.

1980 ఏప్రిల్ 28 న బాల్ అనే ఆటతో గేమ్ అండ్ వాచ్ యంత్రాలు మొదలైనాయి. తొలి యంత్రాల ధర 5,800 యెన్‌లు. ఒక్కొక్క యంత్రములో ఒకే ఆట, దానితో పాటు గడియారము ఉండేవి. పెద్దల కోసము తలపెట్టిన ఈ వస్తువును ఎక్కువగా కొన్నది పిల్లలే. 1991 వరకు సాగిన ఈ వరుసలో ప్రపంచవ్యాప్తముగా 4 కోట్ల 34 లక్షల యంత్రాలు అమ్ముడుపోగా, వాటిలో సుమారు 1 కోటి 28 లక్షలు జపానులోనివే. నింటెండో అప్పులు తీరి, తరువాతి ప్రయోగాలకు పెట్టుబడి సమకూరింది ఈ ధనముతోనే.

1982 లో డాంకీ కాంగ్ ఆటను ఈ యంత్రానికి అనువదించవలసి వచ్చింది. షిగెరు మియమొతో రూపొందించిన ఈ ఆట మూలరూపములో కర్రమీటతో ఆడేది. ఆ మూలరూపానికీ యొకోయియే పర్యవేక్షకుడు. మడిచి జేబులో పెట్టుకొనే యంత్రముపై కర్రమీట నిలువదు. అందుకని నాలుగు దిక్కులకూ ఒకే బల్లపరుపు మీటను కూడిక గుర్తు వలె చేసి, తెరవైపు నుండి చూపు మరల్చకుండా బొటనవ్రేలితో ఆడేలా అమర్చాడు.

మరుసటి సంవత్సరము, 1983 జూలై 15 న, ఉయెమురా బృందము రూపొందించిన ఫామికామ్ 14,800 యెన్‌ల ధరకు జపానులో విడుదలైంది. అదే రోజున సెగా సంస్థ ఎస్‌జి-1000 ను 15,000 యెన్‌లకు విడుదల చేసింది. ఫామికామ్‌కు యొకోయి మీటనే అమర్చారు, సెగా యంత్రానికి కర్రమీట ఉండేది. ఫామికామ్ జపానులోనే 1 కోటి 93 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఈ విజయానికి ఆటలే ప్రధాన కారణమనుట నిజమే అయినా, ఆ తరువాత దాదాపు ప్రతి సంస్థా దిక్కుల మీట పెట్టక తప్పలేదు. 1990 లలో భారతదేశములో సమురాయ్, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో టీవీకి తగిలించుకొని ఆడిన యంత్రాలు ఫామికామ్‌కు నకళ్ళు కనుక, తెలుగు పిల్లల బొటనవ్రేళ్ళకు కూడా ఈ మీట పరిచితమే.

గేమ్ బాయ్, దాని పోటీదారులు

ఆటలు మార్చుకొనే వీలున్న చేతి యంత్రము కొరకు యొకోయి బృందము 1980 ల చివర పనిచేసింది. దీనిని గేమ్ అండ్ వాచ్‌కు కొనసాగింపుగా, తేలికపాటి బొమ్మగా చేయాలని మొదట యొకోయి తలచాడు. ఫామికామ్ వలె చాలాకాలము నిలిచే, ఇతర సంస్థలు కూడా ఆటలు వ్రాయగల యంత్రముగా ఉండాలని ఆయన సహాయకుడు సతోరు ఒకాడా పట్టుపట్టాడు. చివరకు ఒకాడా మాటే నెగ్గింది. గేమ్ బాయ్ ఘనతను పూర్తిగా యొకోయికే కట్టబెట్టే రచనలలో ఈ విషయము తరచుగా కనబడదు.

తెర విషయములో మాత్రము యొకోయి ఎవరి మాటా వినలేదు. రంగుల తెరకు వెనుక నుండి వెలుగు కావాలి, ఆ వెలుగు బ్యాటరీలను త్రాగివేస్తుంది, ధరా పెరుగుతుంది. అందుకని వెలుగు లేని, నాలుగు ఛాయలు మాత్రమే చూపగల తెరను ఎన్నుకొన్నాడు. 1989 ఏప్రిల్ 21 న 12,500 యెన్‌ల ధరకు గేమ్ బాయ్ విడుదలైంది. నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో పది గంటలకు పైగా ఆడుకోవచ్చును. రెండు యంత్రాలను తీగతో కలిపి ఇద్దరు పోటీ పడవచ్చును.

పోటీ సంస్థ ఒకటి చేతి యంత్రాన్ని తయారుచేస్తున్నదని సహచరులు కలవరపడినప్పుడు, యొకోయి దాని తెర రంగులదా, కాదా అని మాత్రమే విచారించాడని, రంగులదేనని తెలిసి నిశ్చింతగా ఉన్నాడని చెబుతారు. ఆ అంచనా తప్పలేదు. 1990 అక్టోబరు 6 న సెగా సంస్థ గేమ్ గేర్‌ను 19,800 యెన్‌లకు విడుదల చేసింది. వెలుగునిచ్చే రంగుల తెర ఉన్న ఆ యంత్రము ఆరు బ్యాటరీలను మూడు నుండి ఐదు గంటలలో ఖాళీ చేసేది. అదే సంవత్సరము డిసెంబరు 1 న వచ్చిన ఎన్‌ఈసీ వారి పిసి ఇంజిన్ జీటీ పనితనములో అన్నిటినీ మించినది కాని ధర 44,800 యెన్‌లు. అంగడిలో ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే గేమ్ బాయ్ తెర వెలవెలబోయేది. ఐనప్పటికీ పిల్లలకు యంత్రము కొనిపెట్టి, ఆపై నెలనెలా బ్యాటరీలూ కొనవలసినది తల్లిదండ్రులు. గేమ్ గేర్ ప్రపంచవ్యాప్తముగా కోటికి పైగా అమ్ముడుపోగా, గేమ్ బాయ్, దాని రంగుల రూపమైన గేమ్ బాయ్ కలర్ కలిసి 11 కోట్ల 86 లక్షలు దాటాయి.

మెట్రాయిడ్ (1986), సూపర్ మారియో ల్యాండ్ (1989), డాక్టర్ మారియో (1990) వంటి ఆటలకు కూడా యొకోయి నిర్మాతగా వ్యవహరించాడు.

వర్చువల్ బాయ్ వైఫల్యము

1994 చివర జపానులో పోటీ రూపమే మారిపోయింది. నవంబరు 22 న సెగా శాటర్న్, డిసెంబరు 3 న సోనీ ప్లేస్టేషన్ విడుదలైనాయి. నింటెండో వారి తరువాతి యంత్రమైన నింటెండో 64 ఆలస్యమై 1996 జూన్ 23 న గాని వెలువడలేదు. ఈ మధ్యకాలములో నింటెండో తరఫున వచ్చిన కొత్త యంత్రము యొకోయి రూపొందించిన వర్చువల్ బాయ్.

తెరలు ఎంత నునుపుగా మారినా ఆటలలో కొత్తదనము పెరుగుట లేదని యొకోయి భావించేవాడు. అమెరికాకు చెందిన రిఫ్లెక్షన్ టెక్నాలజీ అనే సంస్థ వద్ద ఉన్న, కదిలే అద్దముతో వెలుగు గీతలను బొమ్మగా మార్చే విధానము ఆయనను ఆకర్షించింది. కళ్ళను యంత్రానికి ఆనించి చూస్తే బొమ్మ లోతుగా కనబడుతుంది. మిగిలిన రంగుల దీపాలు ఖరీదైనవి కనుక ఎర్ర దీపాలనే వాడారు. 1995 జూలై 21 న 15,000 యెన్‌లకు విడుదలైన ఈ యంత్రము తలకు తగిలించుకొనేదీ కాదు, జేబులో పట్టేదీ కాదు. బల్లపై నిలిపి, వంగి చూడాలి. ఒకరు ఆడుతుంటే ప్రక్కవారికి ఏమీ కనబడదు. నల్లని నేపథ్యముపై ఎర్రని గీతలను చూసి కళ్ళు నొప్పిపెడుతున్నాయని, తలనొప్పి వస్తున్నదని ఫిర్యాదులు వచ్చాయి. జపానులో ఆ సంవత్సరాంతానికే అమ్మకాలు నిలిపివేశారు. మొత్తము మీద సుమారు 7 లక్షల 70 వేల యంత్రాలు మాత్రమే అమ్ముడుపోయాయి.

నింటెండోను వీడుట

ఆ తరువాత యొకోయి గేమ్ బాయ్‌ను చిన్నదిగా, పలుచగా మలచే పని చేపట్టాడు. గేమ్ బాయ్ పాకెట్ అనే ఆ యంత్రము 1996 జూలై 21 న 6,800 యెన్‌లకు విడుదలైంది. అదే సంవత్సరము ఫిబ్రవరిలో వచ్చిన పోకేమాన్ ఆటలు, ఏడేళ్ళ పాతబడిన గేమ్ బాయ్‌కు మళ్ళీ ప్రాణము పోశాయి. రెండు యంత్రాలను కలిపే తీగను పోటీకి కాక, సేకరించిన జీవులను ఒకరికొకరు మార్చుకొనుటకు వాడుట ఆ ఆటల ప్రత్యేకత.

1996 ఆగస్టు 15 న యొకోయి నింటెండోకు రాజీనామా చేశాడు. వర్చువల్ బాయ్ వైఫల్యము కారణముగా ఆయనను సాగనంపారని పత్రికలు వ్రాశాయి, ఇప్పటికీ చాలామంది అలాగే నమ్ముతారు. యాభై ఐదేళ్ళ ప్రాయములో సొంత పని మొదలుపెట్టాలని చాలాకాలముగా అనుకొంటున్నాననే అర్థములో యొకోయి ఒక మాసపత్రికలో వ్యాసము వ్రాసి ఆ ప్రచారాన్ని ఖండించాడు. వైఫల్యము వెంటనే వెళ్ళిపోక, గేమ్ బాయ్ పాకెట్ పూర్తయ్యే వరకు ఉండుట ఆయన మాటకు బలము చేకూర్చే విషయము. సెప్టెంబరులో క్యోటోలోనే కోతో అనే చిన్న సంస్థను స్థాపించి, బండాయ్ సంస్థ కొరకు కొత్త చేతి యంత్రముపై పని ప్రారంభించాడు.

మరణము

1997 అక్టోబరు 4 న ఇషికావా ప్రాంతములో హొకురికు ఎక్స్‌ప్రెస్ రహదారిపై యొకోయి ప్రయాణిస్తున్న కారు మరొక వాహనానికి తగిలింది. ఎంత దెబ్బ తగిలిందో చూచుటకు క్రిందికి దిగిన ఆయనను వెనుక నుండి వస్తున్న వేరొక కారు ఢీకొన్నది. 56 ఏళ్ళ వయసులో ఆయన మరణించాడు. 2003 లో అంతర్జాతీయ గేమ్ డెవలపర్ల సంఘము ఆయనకు మరణానంతరము జీవన సాఫల్య పురస్కారము ప్రకటించింది.

వండర్‌స్వాన్

ఆయన తలపెట్టిన యంత్రము 1999 మార్చి 4 న వండర్‌స్వాన్ పేరుతో విడుదలైంది. ధర 4,800 యెన్‌లు. ఒకే ఒక పెన్సిల్ బ్యాటరీతో ముప్పై గంటలకు పైగా నడిచేది, అడ్డముగానూ నిలువుగానూ పట్టుకొని ఆడవచ్చును. దానితో పాటు వచ్చిన గీతలు కలిపే ఆటకు ఆయన జ్ఞాపకార్థము గుంపే అని పేరు పెట్టారు.

యొకోయి పాత లెక్క ఇక్కడ పూర్తిగా పనిచేయలేదు. వండర్‌స్వాన్ తెర నలుపు తెలుపులదే కాగా, నింటెండో 1998 అక్టోబరు 21 ననే గేమ్ బాయ్ కలర్‌ను తెచ్చింది. వెనుక వెలుగు లేకుండానే రంగులు చూపే ఆ యంత్రము రెండు బ్యాటరీలతో పది గంటలకు పైగా నడిచేది. రంగులు కావాలంటే బ్యాటరీలను బలిపెట్టాలన్న నియమము అప్పటికి చెల్లిపోయింది. పైగా పోకేమాన్ నింటెండో వద్ద ఉంది. బండాయ్ 2000 డిసెంబరు 9 న వండర్‌స్వాన్ కలర్‌ను విడుదల చేసి, ఆ కాలములో నింటెండోకు దూరమైన స్క్వేర్ సంస్థ నుండి ఫైనల్ ఫాంటసీ ఆటను రప్పించి కొంత నిలద్రొక్కుకొన్నది. మూడు నెలలకే, 2001 మార్చి 21 న, గేమ్ బాయ్ అడ్వాన్స్ వచ్చింది. దాని సాంకేతిక బాధ్యత వహించినవాడు యొకోయి వద్ద పని నేర్చిన సతోరు ఒకాడా. ప్రధానముగా జపానులోనే అమ్ముడైన వండర్‌స్వాన్ యంత్రాలు అన్ని రూపాలూ కలిపి సుమారు 35 లక్షల దగ్గర ఆగిపోగా, 2003 లో బండాయ్ వాటి తయారీని విరమించింది.