క్రాస్ బెల్టుకు పేరిచ్చిన శామ్ బ్రౌన్

ప్రత్యేక సంచిక కోసం ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం గురించి రాయమని సంపాదకవర్గం వారు కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి నాకంటె బాగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను పోలీసు శాఖలో స్టోర్స్ గుమాస్తాగా పనిచేసి 2002లో పదవీ విరమణ చేసినవాణ్ణి. బెల్టులు, బకిళ్ళు, రివాల్వర్ పౌచ్‌లు రిజిస్టరులో ఎక్కించడం, పాడైనవి కండెమ్ చేయించడం నా ఉద్యోగం. రిటైరయ్యాక పాత తోలు పౌచ్‌లు సేకరించడం నా కాలక్షేపమైంది. అందుచేత నాకు తోచిన వ్యక్తి, మన శాఖలో క్రాస్ బెల్టు అని పిలుచుకునే బెల్టుకు తన పేరిచ్చిన జనరల్ సర్ శామ్యూల్ జేమ్స్ బ్రౌన్. స్టాకు రిజిస్టర్లలో శామ్ బ్రౌన్ బెల్టు అని ఎన్నోసార్లు రాశాను. అది ఒక మనిషి పేరని నాకు తెలిసింది మాత్రం చాలా ఏళ్ళ తరువాతనే.

బ్రౌన్ అనగానే తెలుగువారికి నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ గుర్తుకు రావడం సహజం. ఈయన వేరు. ఇద్దరూ బెంగాలులోనే పుట్టారు గాని, ఆయన కలం పట్టిన మనిషి, ఈయన కత్తి పట్టిన మనిషి.

శామ్ బ్రౌన్ 1824 అక్టోబరు 3న కలకత్తా దగ్గరి బారక్‌పూర్‌లో జన్మించారు. తండ్రి ఈస్టిండియా కంపెనీ కొలువులో డాక్టరు. 1840లో, పదహారేళ్ళు వచ్చీరాని వయసులో, బ్రౌన్ కంపెనీవారి 46వ బెంగాల్ పదాతి దళంలో చేరారు. 1848-49లో జరిగిన రెండవ సిక్కు యుద్ధంలో చిలియన్‌వాలా, గుజరాత్ పోరాటాలలో పాల్గొన్నారు. ఈ గుజరాత్ పంజాబులోని ఊరు, ఇప్పుడు పాకిస్తానులో ఉంది. ఆ యుద్ధం ముగిశాక 1849లో రెండవ పంజాబు అశ్విక దళాన్ని తయారుచేసే బాధ్యత ఆయనకు అప్పగించారు. ఆ దళానికి 1904లో ఆయన పేరే పెట్టారు.

1857 తిరుగుబాటు వచ్చింది. బ్రౌన్ కంపెనీ పక్షాన పోరాడారు. 1858లో లక్నో ముట్టడిలో ఉన్నారు. అదే సంవత్సరం ఆగస్టు 31న, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో పిలిభీత్ దగ్గరి సీర్‌పురాలో ఆయన జీవితాన్ని మార్చివేసిన సంఘటన జరిగింది. ఇది మన కాగజ్‌నగర్ పక్కన ఉన్న సిర్పూరు కాదు. తెల్లవారుజామున దాడి మొదలైంది. తిరుగుబాటుదారుల తొమ్మిది పౌన్ల ఫిరంగి ఒకటి దారికి అడ్డంగా ఉంది. అది ఇంకోసారి పేలితే వెనుక వస్తున్న పదాతి దళం తుడిచిపెట్టుకుపోతుంది. బ్రౌన్ తన వెంట ఒకే ఒక్క ఆర్డర్లీ సవారుతో గుర్రం ముందుకు దూకించి ఫిరంగి దగ్గరి వారిమీద పడ్డారు. ఆ పెనుగులాటలో ఆయనకు ఎడమ మోకాలి మీద ఒక కత్తివేటు తగిలింది. రెండవ వేటుకు ఎడమచేయి భుజం దగ్గర తెగిపోయింది. ఫిరంగిలో మళ్ళీ మందు కూరడం మాత్రం ఆగిపోయింది. పదాతి దళం వచ్చి దాన్ని పట్టుకుంది.

అప్పటికి ఆయన వయసు ముప్ఫై మూడు. ఇంకొకరైతే పింఛను పుచ్చుకుని ఇంటికి వెళ్ళేవారే. ఈయన కొలువు వదలలేదు. 1860లో వివాహం చేసుకున్నారు. 1861 మార్చి 1న విక్టోరియా క్రాస్ ప్రకటించారు. తరువాత పేరుమోసిన గైడ్స్ దళానికి అధిపతిగా పనిచేశారు.

ఇక బెల్టు సంగతి. ఆ రోజుల్లో అధికారులు కత్తి ఒరను నడుం బెల్టుకున్న లోహపు కొక్కేనికి తగిలించుకునేవారు. ఒర వదులుగా వేలాడుతూ ఉండేది. ఎడమచేత్తో ఒర బిగబట్టి, కుడిచేత్తో కత్తి దూయాలి. ఎడమచేయి లేనివాడు లాగితే కత్తితోపాటు ఒర కూడా పైకి వస్తుంది. నడుం బెల్టుకు తోడుగా కుడిభుజం మీదుగా మరో పట్టీ వేసి, ఇత్తడి రింగులకు కలిపి బిగిస్తే ఒర కదలకుండా ఒంటికి అంటిపెట్టుకుని ఉంటుంది. కత్తి బరువంతా నడుం మీదే పడకుండా భుజం కూడా పంచుకుంటుంది. కుడివైపు మూతపెట్టే తోలు పౌచ్‌లో పిస్టల్ ఉంటుంది. బెల్టు పుట్టుకకు ఆయన చేయి పోవడమే కారణమని లోకంలో ప్రచారంలో ఉన్న కథ. కారణం ఏదైనా, ఒంటిచేతి మనిషి కత్తి దూయగలిగే ఏర్పాటు అది. సదుపాయం చూసి రెండు చేతులున్నవారూ దాన్ని తొడిగారు. బోయర్ యుద్ధం నాటికి ఇంగ్లీషు సైన్యంలో బాగా పాకింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సుకు వెళ్ళిన అమెరికా అధికారులు సైతం ధరించారు. మన సర్వీసు రోజుల్లో పరేడ్ మైదానంలో అధికారుల భుజాల మీద తళతళలాడింది అదే.

1878లో రెండవ ఆఫ్ఘన్ యుద్ధం మొదలైనప్పుడు బ్రౌన్ వయసు యాభై నాలుగు. పెషావరు దళానికి నాయకత్వం వహించి, నవంబరులో ఖైబర్ కనుమలోని అలీ మసీదు కోటను పట్టుకుని, జలాలాబాదు వరకు వెళ్ళారు. 1879 మేలో గండమక్ వద్ద సంధి జరిగింది. జూన్ ఎండల్లో తిరిగి వస్తుండగా కలరా సోకి సైనికులు దారిపొడుగునా రాలిపోయారు. కోట పట్టుకున్న సంగతితోపాటు దీన్ని కూడా చెప్పుకోవాలి. 1888లో ఆయన పూర్తిస్థాయి జనరల్ అయ్యారు. చేయి పోయిన ముప్ఫై ఏళ్ళకు అన్నమాట. చివరి రోజులు ఇంగ్లండులో ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని రైడ్ పట్టణంలో గడిపి, 1901 మార్చి 14న డెబ్బై ఆరో ఏట కన్నుమూశారు.

ఇప్పుడు నా సేకరణ గురించి నాలుగు మాటలు. నా దగ్గర తుపాకీ ఒక్కటీ లేదు, ఉన్నవన్నీ ఖాళీ పౌచ్‌లే, మొత్తం పద్నాలుగు. కొన్ని హైదరాబాదు జుమేరాత్ బజారులో కొన్నవి. అమెరికా సైన్యపు 1916 నమూనా పౌచ్ ఒకటి మిత్రుని కుమారుడు తెచ్చి ఇచ్చాడు. దాని వెనుక వంచిన తీగ కొక్కెం ఉంటుంది. కాన్వాసు బెల్టుకున్న రంధ్రాలలో దాన్ని గుచ్చి తగిలించేవారు. ఇంగ్లీషువారు 1937 నమూనా నాటికి తోలు మాని, ఇత్తడి క్లిప్పులున్న గుడ్డ పౌచ్‌లకు మారారు. కాబట్టి క్లిప్పు చూసి పౌచ్ ఏ కాలానిదో చాలావరకు చెప్పవచ్చు.

ఇటువంటివి ఇళ్ళలో ఉన్నవారికి ఒక సలహా. ఇత్తడి, తోలు కలిసినచోట పచ్చని చిలుము పడుతుంది. దాన్ని వెదురు పుల్లతో గీకి, పొడిగుడ్డతో తుడవాలి. బ్రాసో రాసేటప్పుడు లోహం కింద అట్టముక్క పెట్టకపోతే తోలు మీద తెల్లని మరక మిగులుతుంది. కొబ్బరినూనె పూయకండి. వానాకాలంలో బూజు పడితే నీడలో ఆరబెట్టి మెత్తటి బ్రష్షుతో దులపండి. లోపల పాత గుడ్డ కుక్కితే ఆకారం చెడదు. ప్లాస్టిక్ సంచిలో మూటకట్టవద్దు. క్లిప్పుకు వేలాడదీయవద్దు, బరువుకు కుట్లు తెగుతాయి.

మా మనవడికి ఇదంతా నచ్చదు. మనవాళ్ళమీద కత్తి దూసినవాడి బెల్టు మన ఇంట్లో ఎందుకని వాడి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. ఆ రోజు ఫిరంగి దగ్గర నిలబడినవారు ఈ దేశపువారు. బ్రౌన్ వెంట వెళ్ళిన సవారూ ఈ దేశపువాడే. ప్రభుత్వం వారి ప్రకటనలో బ్రౌన్ పేరు, హోదా, ఒంటిమీద గాయాలతో సహా అన్నీ ఉన్నాయి. సవారు పేరు లేదు. విక్టోరియా క్రాస్‌కు భారతీయ సైనికులు అర్హులు కావడానికి 1911 దాకా ఆగవలసి వచ్చింది. ఆ పతకం పొందిన మొదటి భారతీయ సైనికుడు ఖుదాదాద్ ఖాన్, 1914లో బెల్జియంలో చూపిన సాహసానికి.

నేను మనవడికి ఇచ్చిన సమాధానం ఇది. వస్తువు పారేస్తే బ్రౌన్‌తోపాటు ఆ సవారూ పోతాడు, ఫిరంగి దగ్గర పడిపోయినవారూ పోతారు. అందుకని బెల్టు పెట్టెలో ఒక చీటీ రాసి పెట్టాను. అందులో బ్రౌన్ కథ ఎంత ఉందో, ఆ పేరులేని సవారు కథ, ఫిరంగి వద్ద పోరాడినవారి కథ అంతే ఉంది. మనలో ఎక్కువమందిమి గెజిట్‌లో పేరు రానివాళ్ళమే కనుక, ఈ చీటీ అవసరం ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు.

తోటి పెన్షనర్లకు, వారి కుటుంబ సభ్యులకు నా మనవి ఒక్కటే. అటకమీద నాన్నగారిదో తాతగారిదో పాత బెల్టు, బ్యాడ్జి, పౌచ్ ఉంటే పాతసామాన్లవాడికి వేయకండి. దాన్ని ఎవరు ధరించారు, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరంలో పనిచేశారు అన్నది ఒక కాగితం మీద రాసి దానితో ఉంచండి. చెప్పగలిగినవారు ఉన్నప్పుడే రాయడం మంచిది.