పిచ్చుక నేర్పిన పాఠం



సువార్తలో క్రీస్తు ప్రభువు ప్రస్తావించిన పక్షుల్లో బజారులో అతి చవకగా దొరికేది పిచ్చుక. అంతటి అల్పప్రాణి కూడా దేవుని దృష్టిలో ఉందని మనం ఎన్నోసార్లు విన్నాం. అటువంటి ఒక పిచ్చుక నేల రాలడంతోనే ఒక గొప్ప జీవితం మలుపు తిరిగింది. ఆ జీవితం పక్షి శాస్త్రవేత్త డాక్టర్ సలీం అలీది. 1985లో వెలువడిన తన ఆత్మకథకు కూడా ఆయన పిచ్చుక రాలడమనే పేరే పెట్టుకున్నారు. ఆయన బొంబాయి వాసి అయినా, పక్షుల సర్వేల్లో ఆయన తొలి అడుగులు పడింది మన హైదరాబాదు రాజ్యంలోనే. అందుకే ఈ వారం ఆయన జీవితాన్ని మీ ముందుంచుతున్నాం.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో సులేమానీ బోరా ముస్లిం కుటుంబంలో కడగొట్టు బిడ్డగా జన్మించారు. ఏడాది తిరిగేసరికి తండ్రి పోయారు. మూడేళ్ళకు తల్లి కన్నుమూసింది. అనాథలైన ఆ పిల్లలను మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, సంతానం లేని ఆయన భార్య హమీదా బేగం చేరదీసి పెంచారు. మేనమామకు వేట సరదా. పిల్లవాడికి కూడా చిన్న గాలి తుపాకి దొరికింది. పిచ్చుకలను కొట్టడం అతనికి ఆట.

ఒకనాడు అతను కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. అది మామూలు పిచ్చుక కాదనిపించి మేనమామకు చూపించాడు. ఆయనకూ తెలియలేదు. కసురుకొని పంపేయకుండా, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్‌కు ఒక చీటీ రాసి ఇచ్చారు. అది 1908వ సంవత్సరం. ఆ ఇంగ్లీషు దొర పిల్లవాడిని చిన్నచూపు చూడలేదు. ఆ పిట్ట పసుపు గొంతు పిచ్చుక అని చెప్పి, అల్మారాలు తెరిచి వందలాది పక్షుల నమూనాలను చూపించారు. చదువుకోమని పుస్తకాలు ఇచ్చారు. పాఠకులారా, ఒక పెద్దమనిషి ఒక పిల్లవాడి ప్రశ్నకు ఒక పూట కేటాయించిన ఫలితం ఏమిటో ఇకపై చూడండి.

చదువులో సలీం అలీ చురుకైన విద్యార్థి కారు. ఆరోగ్యం కూడా అంతంత మాత్రమే. 1913లో అతికష్టం మీద మెట్రిక్ గట్టెక్కారు. తర్వాత కుటుంబ వ్యాపారం చూసుకోవడానికి బర్మా వెళ్ళారు. అక్కడ లెక్కల పుస్తకాల కంటే అడవి పిట్టల మీదే ఆయన దృష్టి నిలిచింది. 1917లో తిరిగి వచ్చి వాణిజ్య విద్యలో చేరారు. అప్పుడు ఆయనలోని అసలు ఆసక్తిని గుర్తించినవారు సెయింట్ జేవియర్స్ కళాశాలకు చెందిన ఏసు సభ గురువు, వృక్షశాస్త్రజ్ఞుడు ఫాదర్ ఎథెల్బర్ట్ బ్లాటర్. ఆ గురువు ప్రోత్సాహంతో సలీం అలీ వాణిజ్య తరగతులతో పాటు జేవియర్స్‌లో జంతుశాస్త్రం కూడా చదివారు. ఒక ముస్లిం యువకునిలోని వరాన్ని గుర్తించి దారి చూపిన ఆ గురువును మనం మరువరాదు.

1918లో తెహ్మీనాతో ఆయన వివాహం జరిగింది. బర్మా వ్యాపారం దెబ్బతిన్నది. డిగ్రీ లేనందున శాస్త్రవేత్త ఉద్యోగాలు దక్కలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో సందర్శకులకు, విద్యార్థులకు ప్రకృతి విశేషాలు వివరించే ఉద్యోగం దొరికింది. మరింత నేర్చుకోవాలని సెలవు పెట్టి జర్మనీ వెళ్ళి, బెర్లిన్‌లో ప్రొఫెసర్ స్ట్రెసెమాన్ వద్ద శిక్షణ పొందారు. 1930లో తిరిగి వచ్చేసరికి నిధులు లేవని ఆ ఉద్యోగమే తీసివేశారు.

మరొకరైతే కుంగిపోయేవారు. సలీం అలీ భార్యతో కలిసి సముద్రతీరాన కిహీం అనే పల్లెకు వెళ్ళారు. అక్కడ గిజిగాళ్ళు గూళ్ళు అల్లుతుండగా నెలల తరబడి చూశారు. మగ గిజిగాడు సగం గూడు అల్లి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి పరీక్షించి ఒప్పుకుంటేనే మిగతా సగం పూర్తి చేస్తుంది. ఆ తర్వాత మగది మరో గూడు మొదలుపెట్టి మరో ఆడపిట్టను పిలుస్తుంది. మన పల్లెల్లో తాటిచెట్ల మీద అందరం చూసిన గూళ్ళే అవి. అయినా ఓపికగా కూర్చుని చూసినవారు ఎందరు? ఆ వ్యాసంతో ఆయనకు శాస్త్రలోకంలో పేరు వచ్చింది.

అప్పుడే ఆయన దృష్టి సంస్థానాల మీద పడింది. తనకు జీతం వద్దని, శిబిరం ఖర్చులు భరిస్తే చాలునని, మీ రాజ్యంలోని పక్షులను లెక్కకట్టి ఇస్తానని ముందుకు వచ్చారు. అందుకు ఒప్పుకున్నది నిజాం ప్రభుత్వం. అప్పటి హైదరాబాదు రాజ్యంలో తెలంగాణతో పాటు నేటి మహారాష్ట్ర, కర్ణాటకల్లోని కొన్ని జిల్లాలు కూడా ఉండేవి. 1931-32లో ఆయన ఈ రాజ్యమంతా తిరిగారు. నల్లమలలో అమ్రాబాద్ పీఠభూమి మీది మన్ననూరు, ఫరహాబాద్ వంటి చోట్ల విడిది చేసి పక్షులను పరిశీలించారు. ఆనాటి శాస్త్ర పద్ధతి ప్రకారం నమూనాల కోసం పక్షులను కాల్చక తప్పేది కాదు. కానీ ఏ పిట్ట ఎక్కడ ఉంటుంది, ఏమి తింటుంది, ఎప్పుడు గూడు కడుతుంది అన్నదే ఆయనకు ముఖ్యం. ఆ నివేదిక 1933-34లో సొసైటీ పత్రికలో భాగాలుగా వెలువడింది. మన ప్రాంతంలో నిన్న ఏమున్నదో, నేడు ఏమి పోయిందో పోల్చి చూసుకోవడానికి అదొక కొలమానం.

కొచ్చిన్, తిరువాన్కూరు తదితర సంస్థానాల్లోనూ ఆయన ఇటువంటి సర్వేలు చేశారు. 1939లో తెహ్మీనా ఒక చిన్న శస్త్రచికిత్స తర్వాత కన్నుమూశారు. ఆ దుఃఖంలోనూ పని ఆగలేదు. 1941లో ఆయన భారతదేశపు పక్షులపై సామాన్యులకు అర్థమయ్యే బొమ్మల పుస్తకం వెలువరించారు. ఆదివారం పూజ ముగించుకొని గన్‌ఫౌండ్రీ నుండి అబిడ్స్ వైపు నడిచేవారు పేవ్‌మెంటు మీది పాత పుస్తకాల బజారులో ఒకసారి వెతకండి. దొరికితే వదలకండి. తర్వాత అమెరికన్ శాస్త్రవేత్త డిల్లన్ రిప్లేతో కలిసి 10 సంపుటాల మహాగ్రంథం రచించారు. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ లభించాయి. 1976లోనే వచ్చిన పాల్ గెట్టీ బహుమతి సొమ్మును పక్షి సంరక్షణ నిధికే ఇచ్చివేశారు.

ఇక మనం ఆగి ఆలోచించవలసిన ఘట్టం ఒకటుంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేలలు ఒకప్పుడు మహారాజుల బాతుల వేటకు స్థావరం. స్వాతంత్ర్యం వచ్చాక వాటిని ఎండగట్టి పొలాలు చేయాలన్న ఒత్తిడి వచ్చింది. సలీం అలీ నెహ్రూతో మాట్లాడి వాటిని కాపాడారు. 1982లో అది జాతీయ పార్కు అయింది. అప్పుడు పశువుల మేతను నిషేధించారు. ఆ నిషేధం అవసరమని భావించినవారిలో సలీం అలీ కూడా ఉన్నారు. తరతరాలుగా అక్కడ గేదెలు మేపుకున్న గ్రామస్థులు తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత ఏమైంది? గేదెలు మేయకపోవడంతో నీటి గడ్డి దట్టంగా పెరిగి మడుగులను కమ్మేసింది, పక్షులకే చోటు తగ్గింది. ఈ సంగతిని బయటపెట్టినది సలీం అలీ జీవితమంతా సేవించిన ఆ సొసైటీ పరిశోధకులే. ఎంత గొప్ప పండితుడైనా, ఆ నేల మీద బ్రతికేవారిని పక్కన పెట్టి పక్షిని కాపాడలేడని భరత్‌పూర్ చెబుతోంది.

ఇదే మాట మన తెలుగు నేల మరోవిధంగా చెబుతోంది. కడప జిల్లాలో కలివి కోడి అనే అరుదైన పిట్ట ఉంది. 1848లో జెర్డన్ అనే వైద్యుడు దాన్ని లోకానికి తెలిపారు. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో సొసైటీ పరిశోధకులు దాన్ని తిరిగి కనుగొన్నారు. జాడ చూపినవాడు పెద్ద చదువులు చదివినవాడు కాదు, స్థానిక వేటగాడు. 89 ఏళ్ళ వయసులో సలీం అలీ ఆ శుభవార్త విన్నారు. ఆ పిట్ట కోసం 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. దాని ఆవాసం కోసం తెలుగు గంగ కాలువ దారి కూడా మార్చవలసి వచ్చింది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు నిశ్చింతగా పిల్లలను సాకుతున్నాయంటే, ఊరివారు వేటను మానిపించి వాటిని తమ బిడ్డల్లా చూసుకోవడమే కారణం. కర్నూలు ప్రాంతపు రోళ్ళపాడులో మాత్రం కంచె ఉంది, చట్టం ఉంది, కానీ ఒకప్పుడు అక్కడ తిరిగిన బట్టమేక పిట్ట కనుమరుగైంది. కంచె బయటి పచ్చిక బయళ్ళు పొలాలుగా మారిపోతే లోపలి పక్షి ఎన్నాళ్ళు నిలుస్తుంది?

సలీం అలీ 1987లో 90 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన నాటిన విత్తనం మన నగరంలోనూ మొలిచింది. 1980లో హైదరాబాదులో పక్షి ప్రేమికుల సంఘం ఏర్పడింది. ఇప్పుడది దక్కన్ బర్డర్స్ పేరుతో కొనసాగుతోంది. దేశమంతటా ఇటువంటి సామాన్యులు రాసి పంపిన లెక్కలతోనే 2020లో భారతదేశపు పక్షుల స్థితిపై ఒక నివేదిక వచ్చింది. దేశం మొత్తం మీద పిచ్చుకలు నిలకడగానే ఉన్నా, ఆరు మహానగరాల్లో తగ్గుతున్నాయని అది తేల్చింది. ఆ ఆరింటిలో మన హైదరాబాదు ఒకటి.

మరి అబిడ్స్, నాంపల్లి పరిసరాల్లో బ్రతికే మనం ఏమి చేయగలం? పాత పెంకుటిళ్ళ చూరుల్లో, గోడల సందుల్లో పిచ్చుకలకు చోటుండేది. అద్దాల మేడల్లో లేదు. వరండాలో ఒక చెక్క పెట్టె కట్టండి. మన పెద్దలు గుమ్మానికి కట్టిన వరి కంకుల కుచ్చును మళ్ళీ కట్టండి. పిచ్చుక పిల్లలకు గింజలు చాలవు, పురుగులు కావాలి. కాబట్టి నాలుగు మొక్కలు పెంచి, వాటి మీద మందు చల్లకండి. సంక్రాంతికి పిల్లలకు చైనా మాంజా కొనివ్వకండి. దసరాకు పాలపిట్టను పంజరంలో తెచ్చి చూపేవారికి డబ్బులు ఇవ్వకండి. అది పట్టుబడినది మన రూపాయి కోసమే. ఉపాధ్యాయులారా, ఒక ఉదయం మీ తరగతిని నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు నడిపించండి. కనిపించిన పిట్టల పేర్లను పిల్లల చేత తెలుగులో, ఉర్దూలో రాయించండి.

ఏదో ఒకనాడు మీ ఇంటి పిల్లవాడు ఒక పిట్టను చూపించి దాని పేరు అడుగుతాడు. మీకు తెలియకపోవచ్చు. సలీం అలీ మేనమామకూ తెలియలేదు. అయినా ఆయన ఆ పిల్లవాడిని తెలిసినవారి దగ్గరకు పంపించారు. మీరూ ఆ పాటి సాయం చేయండి.