గుండె మార్చిన వైద్యుడు: డాక్టర్ క్రిస్టియాన్ బార్నార్డ్ జీవితం



ప్రతి సంవత్సరం ఉగాది సంచికలో మనం కవులను గూర్చి, భక్తులను గూర్చి, సంఘ సంస్కర్తలను గూర్చి చదువుకుంటున్నాము. ఈసారి మన తాతలు వచ్చి స్థిరపడిన ఈ దక్షిణాఫ్రికా దేశంలోనే పుట్టిన ఒక వైద్యుని కథ చెప్పదలచాము. ఆయన తెలుగువాడు కాదు, భారతీయుడు కాదు. కాని ఆయన చేసిన పని మన ఇళ్ళ దాకా వచ్చింది. ఎందుకు వచ్చిందో చివర చెబుతాము. మేము తెలుగు నేర్చుకున్నది సాయంకాలపు తరగతులలో. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

1967 డిసెంబరులో మాకు ఏడేళ్ళు. చెరకు తోటల దగ్గర రేకుల ఇంట్లో ఉండేవాళ్ళం. అప్పటికి ఈ దేశంలో టెలివిజన్ లేదు. అది 1976లో గాని రాలేదు. వంటింట్లో ఒక రేడియో ఉండేది. కేప్‌టౌన్‌లో ఒక మనిషి గుండె తీసి మరొక మనిషికి పెట్టారని వార్త వచ్చింది. మా అవ్వకు ఇంగ్లీషు రాదు. నాయన తెలుగులో చెప్పగా విని ఆమె చాలాసేపు మాట్లాడలేదు. గుండెలోనే కదా మనసు ఉండేది, ఇక ఆ మనిషి ఎవరిని తలచుకుంటాడు అన్నది ఆమె సందేహం. ఆ సందేహం ఒక్క మా అవ్వదే కాదు, ఆ రోజు లోకమంతటిదీ.

క్రిస్టియాన్ నీత్లింగ్ బార్నార్డ్ 1922 నవంబరు 8న కేప్ రాష్ట్రంలోని బ్యూఫోర్ట్ వెస్ట్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. అది కరూ అనే ఎండు భూమి. గొర్రెలు తప్ప పంటలు తక్కువ. తండ్రి ఆడం బార్నార్డ్ క్రైస్తవ మత బోధకుడు. ఆయన పనిచేసినది తెల్లవారి చర్చిలో కాదు. కలర్డ్ అని ముద్ర వేయబడిన ప్రజల చర్చిలో. అందువలన జీతమూ తక్కువ, తెల్లవారిలో మర్యాదా తక్కువ. అన్నదమ్ములలో అబ్రహాం అనే పిల్లవాడు గుండె జబ్బుతో చిన్నతనంలోనే చనిపోయాడు. ఒళ్ళు నీలంగా మారే జబ్బు అది. ఆనాడు దానికి మందు లేదు, శస్త్రచికిత్స లేదు. ఒక బీద ఇంటిలో ఒక పిల్లవాడు అలా పోతే తల్లిదండ్రులు దేవునికి అప్పగించి ఊరుకునేవారు. మన ఎస్టేటు బారకాసులలో కూడా అంతే కదా.

బార్నార్డ్ 1940లో హైస్కూలు ముగించి కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివాడు. 1945లో పట్టా పుచ్చుకున్నాడు. కొంతకాలం సెరెస్ అనే ఊరిలో మామూలు డాక్టరుగా పనిచేసి, 1951లో కేప్‌టౌన్ తిరిగి వచ్చాడు. ఆ రోజులలో కొందరు శిశువులు పేగులో ఒక భాగం మూసుకుపోయి పుట్టి చనిపోయేవారు. కారణం ఎవరికీ తెలియదు. బార్నార్డ్ కుక్కల మీద పరీక్షలు చేశాడు. గర్భంలోనే పేగుకు రక్తం అందకపోవడమే కారణమని నిరూపించడానికి నెలల తరబడి నలభైకి పైగా ప్రయత్నాలు చేయవలసి వచ్చింది. కారణం తెలిసింది గనుక చికిత్స మారింది, శిశువులు బ్రతికారు. ఈ పని పెద్దగా ఎవరికీ తెలియదు. కాని ఆయన స్వభావం ఇక్కడే కనిపిస్తుంది. పట్టిన పట్టు విడువడు.

ఆ తరువాత అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అక్కడ వాంగెన్‌స్టీన్ అనే గొప్ప ఆచార్యుడు, లిల్లెహై అనే గొప్ప గుండె వైద్యుడు ఉండేవారు. గుండెను తెరిచి బాగుచేయాలంటే దానిని కాసేపు ఆపాలి. ఆపితే మనిషి పోతాడు. కాబట్టి ఆ సేపు ఒక యంత్రం రక్తాన్ని శుభ్రంచేసి ఒంటికి పంపుతూ ఉండాలి. ఆ విద్యను బార్నార్డ్ అక్కడ నేర్చాడు. 1958లో ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు అటువంటి యంత్రం ఒకటి ఆయన గురువుగారి చలవ వలన కేప్‌టౌన్‌కు వచ్చింది. గ్రూటె స్కూర్ ఆసుపత్రిలో గుండె తెరిచే శస్త్రచికిత్సలు మొదలైనవి. అబ్రహాం వంటి నీలి పిల్లలకు ఇప్పుడు దారి దొరికింది. మిన్నెసోటాలో ఉండగానే ఆయనకు కీళ్ళవాతం అని తేలింది. చేతి వ్రేళ్ళే ఆస్తి అయిన మనిషికి అది ఎంత దెబ్బో ఊహించుకోండి.

గుండె మార్పిడి పద్ధతిని కనిపెట్టినది బార్నార్డ్ కాదు. ఈ మాట పిల్లలు గుర్తుంచుకోవాలి. అమెరికాలో షంవే, లోయర్ అనే ఇద్దరు వైద్యులు చాలా యేళ్ళు కుక్కల మీద శ్రమించి ఆ పద్ధతిని సిద్ధం చేశారు. బార్నార్డ్ దానిని నేర్చుకుని, తన ప్రయోగశాలలో మళ్ళీ మళ్ళీ అభ్యాసం చేసి, అందరికంటె ముందు మనిషికి చేయడానికి సాహసించాడు.

లూయీ వాష్కాన్‌స్కీ కేప్‌టౌన్‌లో కిరాణా వ్యాపారి. లిథువేనియా నుండి వచ్చిన యూదుడు. చక్కెర వ్యాధి ఉంది. వరుస గుండెపోట్లతో గుండె కండరం చాలా భాగం చచ్చిపోయి ఉంది. 1967 డిసెంబరు 2వ తేదీ మధ్యాహ్నం డెనిస్ డార్వాల్ అనే యువతి తల్లితో కలిసి అబ్జర్వేటరీ పేటలో కేకు కొనడానికి కారు దిగింది. రోడ్డు దాటుతుండగా ఒక కారు గుద్దింది. తల్లి అక్కడే పోయింది. డెనిస్ మెదడు దెబ్బ తిని ఇక లేవదని తేలింది. ఒక్క పూటలో భార్యను, కూతురిని పోగొట్టుకున్న ఎడ్వర్డ్ డార్వాల్ దగ్గరకు వైద్యులు వచ్చి గుండె ఇస్తారా అని అడిగారు. ఆయన కొద్ది నిమిషాలు మాత్రమే ఆలోచించి సరే అన్నాడు.

డిసెంబరు 3 తెల్లవారుజామున సుమారు ముప్పై మంది కలిసి ఆ శస్త్రచికిత్స చేశారు. బార్నార్డ్ తమ్ముడు మారియస్ కూడా అందులో ఉన్నాడు. దాదాపు 5 గంటలు పట్టింది. కుట్లన్నీ అయిన తరువాత కొత్త గుండెకు విద్యుత్తు తాకించారు. అది కొట్టుకోసాగింది. వాష్కాన్‌స్కీ లేచి మాట్లాడాడు, భార్యను గుర్తుపట్టాడు. మా అవ్వ సందేహానికి అదే జవాబు. గుండె మారినా మనిషి మారలేదు.

ఆయన 18 రోజులు బ్రతికాడు. కొత్త గుండెను ఒళ్ళు పరాయిదని త్రోసివేయకుండా ఇచ్చిన మందులు ఒంటి రక్షణ శక్తినే తగ్గించాయి. న్యుమోనియా పట్టి డిసెంబరు 21న చనిపోయాడు.

ఇక్కడ మన దేశపు కథ కూడా ఉన్నది. అది వర్ణభేద పాలన కాలం. ఆసుపత్రి వార్డులు వేరు, బస్సులు వేరు, సముద్రతీరం వేరు, మన బడులూ వేరు. డెనిస్ మూత్రపిండం ఒకటి పదేళ్ళ కలర్డ్ పిల్లవానికి పెట్టారు. దాని మీద గొడవ జరిగింది. తరువాత 1968 జనవరి 2న ఫిలిప్ బ్లైబర్గ్ అనే తెల్ల దంతవైద్యునికి గుండె మార్చారు. ఆ గుండె క్లైవ్ హౌప్ట్ అనే కలర్డ్ యువకునిది. బ్లైబర్గ్ 19 నెలలు బ్రతికాడు. ఒకే బల్ల మీద కూర్చుంటే నేరమైన దేశంలో ఆ యువకుని గుండె ఆ తెల్లవాని రొమ్ములో కొట్టుకున్నది. చట్టం వ్రాసినవారికి ఆ గుండె ఏమి చెప్పిందో మనకు తెలుసు.

మరొక పేరు కూడా చెప్పాలి. హామిల్టన్ నాకీ ట్రాన్స్‌కై పల్లెలో పుట్టిన నల్లజాతి మనిషి. చిన్న వయసులోనే బడి మానివేసి విశ్వవిద్యాలయంలో తోటపనికి చేరాడు. తరువాత ప్రయోగశాలలో జంతువుల శస్త్రచికిత్సలలో సహాయపడుతూ ఎంత నేర్పు సంపాదించాడంటే, ఎందరో యువ వైద్యులు ఆయన దగ్గర మార్పిడి విద్య నేర్చుకున్నారు. 1991లో పదవీ విరమణ చేసినప్పుడు ఆయనకు వచ్చినది తోటమాలి పింఛను. 2003లో విశ్వవిద్యాలయం గౌరవ పట్టా ఇచ్చింది. 2005లో చనిపోయాడు. 1967 శస్త్రచికిత్సలో ఆయనే డెనిస్ గుండె తీశాడని కొన్ని పత్రికలు వ్రాసి, అది నిజం కాదని తరువాత దిద్దుకున్నాయి. మన వాళ్ళు ఇప్పటికీ ఆ కథ చెబుతారు. ఉపాధ్యాయులుగా మేము చెప్పేదేమంటే, ఆయన గొప్పతనానికి కల్పన అక్కరలేదు. జరిగినదే చాలు.

బార్నార్డ్‌కు ఒక్క రాత్రిలో లోకమంతటా పేరు వచ్చింది. దానితోపాటు గర్వమూ వచ్చిందని ఆయన్ను ఎరిగినవారు అంటారు. మూడు పెళ్ళిళ్ళు చేసుకున్నాడు, ఒక్కటీ నిలువలేదు. 1968లో ప్రపంచంలో వంద మందికి పైగా గుండె మార్చారు. ఎక్కువ మంది త్వరలోనే పోయారు. చాలా ఆసుపత్రులు మానుకున్నాయి. బార్నార్డ్ మానలేదు. 1969లో ఆయన గుండె మార్చిన డొరొతీ ఫిషర్ పన్నెండేళ్ళకు పైగా బ్రతికింది. 1971లో మార్పిడి జరిగిన డర్క్ వాన్ జిల్ ఇరవై యేళ్ళు దాటి జీవించాడు. 1974లో పాత గుండెను తీయకుండా ప్రక్కనే రెండవ గుండెను అమర్చే పద్ధతి చేశాడు. 1977లో బబూన్ గుండెను, చింపాంజీ గుండెను సహాయంగా పెట్టి చూశాడు గాని రోగులు కొద్ది గంటలు, కొద్ది రోజులు మాత్రమే ఉన్నారు.

కీళ్ళవాతం వ్రేళ్ళను వంచివేయగా 1983లో కత్తి క్రింద పెట్టాడు. ఆ తరువాత ముడతలు పోగొట్టే చర్మపు లేపనం ఒకదానికి తన పేరు వాడనిచ్చి చెడ్డపేరు తెచ్చుకున్నాడు. గొప్పవారి తప్పులను దాచితే పిల్లలకు మేలు లేదు. 2001 సెప్టెంబరు 2న సైప్రస్ ద్వీపంలో ఉబ్బసం వచ్చి చనిపోయాడు. గుండెపోటు అని మొదట వార్త వచ్చింది గాని అది పొరపాటు. అస్థికలు పుట్టిన ఊరికే, తండ్రి నివసించిన ఇంటి తోటకే చేరాయి.

ఆయన మొదలుపెట్టిన పని ఆగలేదు. నేలలోని ఒక బూజు నుండి తీసిన సైక్లోస్పోరిన్ అనే మందు 1980ల మొదట్లో వాడుకలోకి వచ్చి, పరాయి గుండెను ఒళ్ళు సహించేటట్లు చేసింది. 1994 ఆగస్టు 3న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో భారతదేశపు మొదటి విజయవంతమైన గుండె మార్పిడి జరిగింది. చేసినవాడు రాజమహేంద్రవరంలో పుట్టిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్. మన గోదావరి బిడ్డ. ఆయన 2024లో కన్నుమూశారు. 2022లో అమెరికాలో జన్యువులు మార్చిన పంది గుండెను ఒక మనిషికి పెట్టారు. అతడు రెండు నెలలు బ్రతికాడు.

ఇప్పుడు శాస్త్రజ్ఞులు మరొక ప్రశ్న అడుగుతున్నారు. గుండెను మార్చకుండా బాగుచేయలేమా? చర్మం తెగితే అతుకుతుంది. గుండెపోటులో చచ్చిన కండరం మాత్రం మళ్ళీ మొలవదు, అక్కడ మచ్చ కడుతుంది. జీబ్రా చేప గుండెలో అయిదవ వంతు కోసివేసినా రెండు నెలలలో తిరిగి పెరుగుతుందని 2002లో చూపారు. 2009లో స్వీడన్ శాస్త్రజ్ఞులు మనిషి గుండె కణాలు కూడా కొత్తవి పుడతాయని కనుగొన్నారు. కాని పాతికేళ్ళ వయసులో సంవత్సరానికి నూటికి ఒకటి మాత్రమే, ముసలితనంలో అందులో సగం కూడా లేదు. మూల కణాలతో పెంచిన కండరపు ముక్కలను చెడిన గుండె మీద అతికే ప్రయత్నాలు సాగుతున్నాయి. మధ్యలో తొందరపడి తప్పుడు లెక్కలు వ్రాసినవారూ ఉన్నారు, వారి వ్యాసాలను పత్రికలు ఉపసంహరించాయి. ఆశ ఉన్నది గాని మందు ఇంకా మన వీధి చివరి ఫార్మసీకి రాలేదు.

కాబట్టి ఉన్న గుండెను కాపాడుకోవడమే నేటి మార్గం. బార్నార్డ్ కూడా చివరి సంవత్సరంలో ఆరోగ్యమైన గుండెకు యాభై మార్గాలని ఒక పుస్తకం ప్రకటించాడు. డర్బన్ భారతీయులలో గుండెజబ్బు, చక్కెర వ్యాధి ఎక్కువ అని వైద్యులు దశాబ్దాలుగా చెబుతున్నారు. మన తాతలు చెరకు నరికి రోజంతా నడిచారు. మనం కారులో కూర్చుని బన్నీ చౌ తింటున్నాము. మా నాయన 52వ యేట, ఆదివారం బిరియాని తిని కుర్చీలో కూర్చుని, అట్లే పోయారు. రక్తపోటు ఎప్పుడూ చూపించుకోలేదు.

చివరి మాట. మొదట చెబుతామన్నది ఇదే. 2011లో మా మేనల్లుడు రోడ్డు ప్రమాదంలో దెబ్బ తిని ఆసుపత్రిలో ఉన్నాడు. మెదడు పనిచేయడం లేదన్నారు. అవయవాలు ఇస్తారా అని ఒక నర్సమ్మ మెల్లగా అడిగింది. మా అక్క మా ముఖం చూసింది. ఇంటికి పెద్ద, చదువుకున్నవాడు అని మమ్మల్నే అడిగింది. మేము వద్దన్నాము. శరీరం పూర్తిగా అగ్నికి చేరాలని ఏదో చెప్పాము. నిజానికి మాకు భయం వేసింది, అంతే. ఎవరో ఒకరు ఆ రాత్రి ఎక్కడో ఎదురు చూస్తూ ఉండి ఉంటారు. బడిలో ముప్పై యేళ్ళు పిల్లలకు డార్వాల్ గారి కథ చెప్పిన మేము, మా వంతు వచ్చినప్పుడు ఆ కొద్ది నిమిషాలలో ఆయన వలె నిలువలేకపోయాము.

అక్క ఇప్పుడు దాతల పట్టికలో తన పేరు వ్రాయించింది. మేమూ వ్రాయించాము. పేరు వ్రాసినా, సమయం వచ్చినప్పుడు కుటుంబాన్ని అడుగుతారు. అందుచేత ఈ ఉగాదినాడు పచ్చడి తిన్న తరువాత, అందరూ కూర్చున్నప్పుడే ఈ మాట ఇంట్లో మాట్లాడుకోండి. ఆసుపత్రి వరండాలో మాట్లాడుకోవడం చాలా కష్టం.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. మీ గుండెలు చల్లగా ఉండుగాక.