విలియం రాబర్ట్ గ్రోవ్

వేల్స్ దేశంలోని స్వాన్సీ రేవుపట్టణం ఒకప్పుడు రాగి పరిశ్రమకు ప్రసిద్ధి. కొలుముల పొగ కమ్ముకొన్న ఆ పట్టణంలో 1811 జూలై 11న విలియం రాబర్ట్ గ్రోవ్ జన్మించాడు. ఆక్స్‌ఫర్డ్‌లో పట్టభద్రుడై, 1835లో న్యాయవాది అయ్యాడు. ఆరోగ్యం సహకరించకపోవడంతో ఆయన దృష్టి విజ్ఞానశాస్త్రం వైపు మళ్లింది.

1839లో గ్రోవ్ జింకు, ప్లాటినం, ఆమ్లాలతో శక్తిమంతమైన విద్యుద్ఘటాన్ని రూపొందించాడు. అమెరికా తంతి కార్యాలయాలు దానిని విరివిగా వినియోగించాయి. ఆయనకు కీర్తి లభించింది. కాని ఆ ఘటంలోని నైట్రిక్ ఆమ్లం నుండి విషవాయువు వెలువడేది.

విద్యుత్తును ప్రసరింపజేస్తే నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోతుందని అప్పటికే శాస్త్రజ్ఞులకు తెలుసు. ఆ వాయువులు తిరిగి కలిసేటప్పుడు విద్యుత్తు పుడుతుందని గ్రోవ్ గ్రహించాడు. దాదాపు అదే కాలంలో షోన్‌బైన్ అనే రసాయనవేత్త కూడా ఈ విషయాన్ని గుర్తించాడు. గాజుగొట్టాలలో ఆ వాయువులను నింపి, ప్లాటినం రేకులను అమర్చి, గ్రోవ్ వాటిని సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నిలిపాడు. 1842లో అటువంటి ఘటాలను వరుసగా కలిపి, వచ్చిన విద్యుత్తుతోనే మరొక పాత్రలోని నీటిని విడగొట్టాడు. నేటి ఇంధన ఘటానికి మూలం అదే. దాని నుండి పొగ రాదు, విషం రాదు. మిగిలేది నీరు మాత్రమే.

అయినా లోకం దానిని ఆదరించలేదు. ప్లాటినం ఖరీదైనది, లభించే విద్యుత్తు స్వల్పం. బొగ్గు చౌక. 1838లోనే గ్రేట్ వెస్టర్న్ అనే ఆవిరి ఓడ అట్లాంటిక్ సముద్రాన్ని దాటింది. సముద్రాలపై పొగగొట్టాల యుగం ఆరంభమైంది. కుటుంబ పోషణ నిమిత్తం గ్రోవ్ 1846 నుండి మరల న్యాయవాద వృత్తికే ప్రాధాన్యమిచ్చాడు. 1871లో న్యాయమూర్తి అయ్యాడు. 1896 ఆగస్టు 1న పరమపదించాడు. తన ఘటం ఒక్క పడవనైనా నడపడం ఆయన చూడలేదు.

1960లలో అమెరికా వ్యోమనౌకలకు ఇంధన ఘటాలే విద్యుత్తునందించాయి. తరువాత అవి జలాంతర్గాములలోనూ చోటు పొందాయి. కొచ్చిన్ షిప్‌యార్డ్ నిర్మించిన హైడ్రోజన్ ఇంధన ఘటపు పడవ 2024 ఫిబ్రవరి 28న ప్రారంభమైంది. హైడ్రోజన్‌ను సహజవాయువు నుండి తయారుచేస్తే కార్బన్ డైఆక్సైడ్ వెలువడుతుంది. దానిని పట్టి నిల్వ చేయాలి. లేదా సూర్యరశ్మి, గాలి ఇచ్చే విద్యుత్తుతో నీటినే విడగొట్టాలి. విశాఖపట్నం సమీపాన పూడిమడకలో హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది.

గ్రోవ్‌కు జీవితకాలంలో పేరు తెచ్చిన ఘటం కాలగర్భంలో కలిసింది. ఆదరణకు నోచుకోని ఘటమే నేడు ఓడలకు పొగలేని దారి చూపుతున్నది.