హుడ్డె నాటిన ఎనిమిది రాళ్లు

రైలు ప్రయాణములో ప్రతి స్టేషనులోను పసుపుపచ్చని పలకమీద, ఊరి పేరు క్రింద, సముద్రమట్టమునకు ఇన్ని మీటర్ల ఎత్తు అని చిన్న అక్షరాలలో వ్రాసి ఉండడము పాఠకులు చూచియే ఉందురు. ఆ అంకె చదివి ఊరకుంటామే గాని, అది ఏ సముద్రము, ఏ నాటి మట్టము అని అడగము. సముద్రము ఈ గడియ ఉన్నట్లు మరుగడియ ఉండదు. పోటు వస్తుంది, పాటు వస్తుంది. గాలి తరిమినప్పుడు గట్టెక్కి ఊళ్లమీదికే వస్తుంది. అంత చంచలమైన దానిని ఏడాది పొడుగునా కొలిపించి, ఆ కొలతను పదిమందీ చూచే చోట రాతిమీద చెక్కించినవాడు ఆమ్‌స్టర్‌డామ్ నగరాధ్యక్షుడు యోహానెస్ హుడ్డె.

ఆయన 1628 ఏప్రిల్ 23వ తేదీన ఆ నగరములోనే, కలిగిన కుటుంబములో జన్మించినాడు. లైడెన్ విశ్వవిద్యాలయములో న్యాయశాస్త్రము చదువబోయి, అక్కడి గణితాచార్యుడు ఫ్రాన్స్ వాన్ స్కూటెన్ శిష్యరికములో పడి గణితమునకు బానిస అయినాడు. డెకార్ట్ జ్యామితి గ్రంథమునకు స్కూటెన్ 1659లో ప్రకటించిన లాటిన్ కూర్పులో హుడ్డె వ్యాసములు రెండు చేరినవి. ఒక సమీకరణమునకు ఒకే మూలము రెండు మారులు వచ్చుచున్నదా లేదా అని తేల్చుటకు ఆయన అందులో చెప్పిన సూత్రము నేటికీ ఆయన పేరనే చెల్లుచున్నది. కలనగణితము పుట్టుటకు ముందు దానికి దారి చదును చేసినవారిలో ఆయన ఒకడు. న్యూటన్, లైబ్నిజ్ ఇద్దరును ఆ పుటలు చదివినవారే. గాజును కరగించి చిన్న పూసలుగా చేసి వాటితో సూక్ష్మదర్శినులు కట్టుట కూడ ఆయనకు తెలుసు. తత్త్వవేత్త స్పినోజాకును ఆయనకును ఉత్తర ప్రత్యుత్తరములు నడిచినవి.

ఇంతటి బుద్ధి నలువది ఏండ్లు నిండుటకు ముందే నగరపాలనకు అంకితమయినది. 1672 డచ్చివారికి గడ్డు సంవత్సరము. ఫ్రెంచి సేనలు దేశములో చొచ్చుకొనివచ్చినవి. గట్లు తెగగొట్టి పొలములు ముంచి శత్రువును ఆపవలసివచ్చినది. హుడ్డెకు గణితమిత్రుడును, దేశనాయకుడును అయిన యాన్ డె విట్‌ను హేగ్ నగరములో జనసమూహము చంపివేసినది. ఆ యేడే హుడ్డె ఆమ్‌స్టర్‌డామ్ నగరాధ్యక్షులలో ఒకడైనాడు. అప్పటినుండి 1703 వరకు పలుమారులు ఆ పదవికే ఎన్నికైనాడు. గణితములో క్రొత్తగా ఏమియు ప్రకటించలేదు. 1676లో లైబ్నిజ్ ఆయనను చూడవచ్చినప్పుడు, అచ్చుకాని ఫలితములు ఎన్నో ఆయన కాగితములలో మూలుగుచున్న సంగతి గ్రహించినాడు. శాస్త్రచరిత్ర వ్రాసేవారు దీనికి విచారిస్తారు, విచారించవలసినదే.

అయితే ఆమ్‌స్టర్‌డామ్ ఎటువంటి ఊరో చూడవలె. ఒక ప్రక్క ఆమ్‌స్టెల్ నది. మరొక ప్రక్క ఐ అనే జలభాగము. అది ఆ దినములలో జుయిడర్ సముద్రములో కలిసి, ఆటుపోట్లతో లేచుచు పడుచుండెడిది. నడుమ నానిన నేలమీద దూలములు పాతి కట్టిన ఇండ్లు, వీధివీధికి కాలువ. 1675 నవంబరులో తుపాను సముద్రమును త్రోసికొనిరాగా కరకట్టలు తెగి ఆ ప్రాంతము మునిగినది. కట్టలు ఎత్తు చేయవలెనని అందరును అనిరి. ఎంత ఎత్తు? ఎక్కడినుండి కొలిచి? చిక్కంతయు అక్కడనే ఉన్నది. ఒక్కొక్క నీటి సంఘమునకు ఒక్కొక్క మట్టము; ఒకరి కొలత మరొకరికి పొసగదు. మన గోదావరి తీరమున ముసలివారు వరద ఎత్తు చెప్పునట్లే అనుకొనవచ్చును: ఫలానా ఏట మా అరుగు మునిగినది, ఫలానా ఏట గుడిమెట్లు మూడు మునిగినవి అని. ఆ మాట ఆ ఊరికి నిజమే. కాని ఆ అరుగుకును పొరుగూరి గుడిమెట్టుకును గల తేడా తెలియనిదే రెండూళ్లకు కలిపి ఒక కట్ట వేయుట సాధ్యము కాదు.

హుడ్డె ఈ పనిని లెక్కగా పట్టినాడు. 1683 సెప్టెంబరు 1 మొదలు 1684 సెప్టెంబరు 1 వరకు ఐ నీటిమట్టమును, పోటును పాటును, ఒక సంవత్సరము విడువక కొలిపించినాడు. సగటు పోటుమట్టమునకు దగ్గరగా నగర మట్టము నిలిచినది. కాలువలలో నీరు ఆ మట్టమున ఉండవలె; బయట నీరు మించి వచ్చినప్పుడు లాకులు మూయవలె. పోటులో మంచినీరు లోనికి విడిచి కాలువల మురుగు కడుగుటకును ఇదియే ఆధారము. తరువాత ఐ వైపు లాకుల గోడలలో ఎనిమిది తెల్లని పాలరాళ్లు పొదిగించి, ఒక్కొక్క రాతిమీద అడ్డముగా ఒక గీత చెక్కించినాడు. అది సముద్రపు కరకట్ట ఎత్తు అనియు, నగర మట్టమునకు 9 అడుగుల 5 అంగుళములు పైన ఉన్నదనియు ప్రక్కన వ్రాయించినాడు. ఆమ్‌స్టర్‌డామ్ అడుగునకు అంగుళములు పదకొండే గనుక అది నేటి లెక్కకు సుమారు 2.67 మీటర్లు.

ఇందులో ఒక నేర్పు ఉన్నది. సున్న గీతను చెక్కించియుంటే అది నిత్యము నీటిలో నాని, పాచి పట్టి ఎవరికిని కనబడెడిది కాదు. గీత పైన ఉన్నది గనుక పొడిగా ఉండును. కొలత కావలసినవాడు అక్కడినుండి క్రిందికి దిగి లెక్కించుకొనవచ్చును. పైగా రాయి ఒకటి కాదు, ఎనిమిది. ఒకటి క్రుంగినా మిగిలినవి దాని తప్పు పట్టించును. కచేరీ దస్తరములో ఉన్న అంకెను చూడవలెనంటే గుమాస్తా దయ కావలె. లాకు గోడమీది గీతకు ఎవరి సెలవూ అక్కరలేదు. పడవవాడును, మేస్త్రీయును, కట్టకు కూలికి వచ్చినవాడును చూడవచ్చును. తన గణితమును పెట్టెలో దాచినవాడు నీటిమట్టమును మాత్రము ఇట్లు బాహాటముగా ప్రకటించినాడు.

హుడ్డె ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లలో కూడ ఒకడు. ఆ కంపెనీ ఓడలే మన మచిలీబందరుకు అద్దకపు గుడ్డలకై వచ్చుచుండెడివి. 1679లో ఆ బందరును ఉప్పెన ముంచి వేలమందిని పొట్టన పెట్టుకొన్నది.

1704 ఏప్రిల్ 15న ఆయన మరణించినాడు. రాళ్లు మిగిలినవి. 1818లో ఆ దేశపు రాజు విలియం ఈ మట్టమునే దేశమంతటికిని ప్రమాణము చేసినాడు. 1875 మొదలు పదేండ్లు జరిగిన సూక్ష్మమైన లెవెలింగుతో పాత తప్పులు సవరించి, 1891లో సవరించిన ఆమ్‌స్టర్‌డామ్ మట్టమునకు క్రొత్త పేరు పెట్టిరి. 1879లో జర్మనీవారు బెర్లిన్ నక్షత్రశాల గోడకు నిలిపిన తమ ప్రమాణ చిహ్నమునకు కూడ ఆమ్‌స్టర్‌డామ్ సున్నయే మూలము.

1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రము పొంగి ఆ దేశపు నైరృతి భాగమున కట్టలు తెంచినది. 1,800 మందికి పైగా చనిపోయిరి. ఆ రాత్రి ఫ్లిసింగెన్ రేవులో నీరు 4.55 మీటర్లు, హుక్ ఆఫ్ హాలండ్ వద్ద 3.85 మీటర్లు లేచినదని వ్రాసికొన్నారు. రెండును హుడ్డె సున్న నుండి కొలిచినవే గనుక వాటిని సరిపోల్చగలిగిరి. ఇకమీద హుక్ వద్ద 5 మీటర్ల నీటిని తట్టుకొనవలెనని నిర్ణయించగలిగిరి. డెల్టా కట్టడములన్నిటికిని లెక్క ఇట్టి అంకెలతోనే మొదలయినది.

ఆ మెత్తని నేల మాత్రము ఎన్నడును కుదురుగా నిలువదు. గోడలు క్రుంగును, గుర్తులు జరుగును. అందుకనియే మరల మరల కొలిచి, సవరించిన ఎత్తులు ప్రకటించుచుండవలె. 2005లో అట్లే ఒకమారు దేశపు ఎత్తులన్నియు మార్చి ప్రకటించిరి. ఇప్పుడు దేశమంతట గోడలలోను వంతెనలలోను సుమారు 35,000 లోహపు మొలలు ఈ పని చేయుచున్నవి. ఆమ్‌స్టర్‌డామ్ డామ్ కూడలిలో నేలలోతున, స్తంభముమీద బిగించిన మొల సున్నకు 1.43 మీటర్లు పైన ఉన్నది. హుడ్డె పెట్టించిన ఎనిమిది రాళ్లలో తన చోటనే నిలిచినది ఒక్కటే. అది ఐన్‌హోర్న్ లాకు గోడలో ఉన్నది.