అఘోరనాథ చట్టోపాధ్యాయులవారు

ఓడ యెక్కినవాడు కులభ్రష్టుడగునని మన పూర్వులు భయపడిన కాలమున, వంగదేశపు బ్రాహ్మణకుటుంబమున జనించిన అఘోరనాథులవారు స్కాట్లాండునకేగి, ఎడింబరో విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును బడసిరి. 1878 ప్రాంతమున హైదరాబాదు చేరి, పిమ్మట నిజాము కళాశాలగా నెదిగిన విద్యాలయమునకు బ్రధానాచార్యులైరి. బ్రాహ్మసామాజికులగు వారి యింట సర్వమతస్థులకును సమానాదరము లభించుచుండెను.

1883వ సంవత్సరమున నిజాము ప్రభుత్వమువారు చాందా రైలుమార్గమునకై యొడంబడిక కుదుర్చుకొనుచుండగా, దాని షరతులను ప్రజలకు దెలుపవలయునని కోరినవారిలో వీరొకరు. అందులకు ఫలముగా నిజాము రాజ్యమునుండి వెడలగొట్టబడిరి. కొన్నియేండ్లకు మరల పిలువబడిరి. నేడు రామగుండము మీదుగా చాందావైపు బొగ్గురైళ్లు పోవుట చూచునపుడెల్ల మాకీ వృత్తాంతము స్మరణకు వచ్చును.

1898లో వీరి కుమార్తె సరోజినీదేవి, తెలుగువారును అన్యకులజులునగు గోవిందరాజులునాయుడుగారిని చెన్నపట్టణమున 1872వ సంవత్సరపు వివాహచట్టము ననుసరించి పెండ్లాడెను. వీరేశలింగము పంతులుగారు ఆ వివాహమును జరిపించిరి.

విదేశయాత్రవలన స్వధర్మము చెడునని కొందరందురు. ఈ చరిత్రమునుబట్టి మాకట్లు తోచదు. దూరమునుండి చూచినవానికి మన వాడుకలలో నేది ధర్మమో, యేది యలవాటు మాత్రమో తెలియును. రాజకార్యములను బ్రజలడుగరాదనుటయు, కులము దాటి పెండ్లాడరాదనుటయు అలవాట్లే. అట్లు తెలిసినదానిని స్వగృహమున నాచరింపవలయును. ఓడ నెక్కుటకన్న నదియే కష్టము.