గవర్నరు పిగట్ మరణ విచారణ

1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి కర్నల్ ఫోర్డు సేనలు బందరు కోటపై లగ్గలకెక్కినవి. తెల్లవారునప్పటికి ఫ్రెంచివారు లొంగిపోయిరి. బందరు ఆంగ్లేయుల వశమైన ఆ దినములలో చెన్నపట్టణమున గవర్నరు పదవియందుండినవాడు జార్జి పిగట్. అంతకు రెండు మాసములకు ముందే ఆయన లాలీ ముట్టడికి తాళి చెన్నపట్టణపు కోటను నిలుపుకొనియుండెను. అట్టి పురుషుడు పదునెనిమిదేండ్ల తరువాత ఆ పట్టణముననే స్వజనుల చేతిలో బందీయై కన్నుమూసెను.

పిగట్ 1719లో జన్మించి, 1736లో కుంపిణీ కొలువున గుమాస్తాగా చేరెను. 1755లో గవర్నరై, 1763లో అపారధనముతో స్వదేశమునకు మరలెను. ఆయన పేర వెలసిన వజ్రమొకటి యూరపులో ప్రసిద్ధి. 1766లో ప్రభుబిరుదము లభించెను. హాయిగా కాలము గడపవలసిన వయస్సున, 1775లో మరల గవర్నరై వచ్చెను.

ఆర్కాటు నవాబు 1773లో ఆక్రమించిన తంజావూరును రాజైన తుళజాజీకి తిరిగి యిప్పించుమని డైరెక్టర్ల ఆజ్ఞ. పిగట్ 1776 ఏప్రిల్‌లో దానిని నెరవేర్చెను. వెంటనే పాల్ బెన్‌ఫీల్డను కుంపిణీ యుద్యోగి, ఆ రాజ్యపు రాబడిపైనను పంటపైనను తనకు రెండు లక్షల పౌనులకు పైగా రావలసియున్నదని అడ్డుపడెను. స్వల్పవేతనము పుచ్చుకొనువాడు నవాబునకు అంత ధనమెట్లు అప్పిచ్చెనో! కౌన్సిలులో అధికసంఖ్యాకులు అతని పక్షము వహించిరి. పిగట్ ఇద్దరు సభ్యులను పదవినుండి నిలిపివేసి, సేనాధిపతి ఫ్లెచర్‌ను నిర్బంధింపజూచెను. ఆయన పట్టుదల న్యాయమైనదే. పద్ధతి మాత్రము తొందరపాటు.

1776 ఆగస్టు 24న కర్నల్ స్టూవర్టు పగలు పిగట్ ఇంట భుజించి, సాయంకాలము ఆయన బండిలోనే ప్రక్కన కూర్చుండి, దారిలో సిపాయీలకు పట్టియిచ్చెను. ఆ రాత్రియే ఆయనను పరంగికొండకు తరలించిరి.

ఎనిమిది మాసములు దాటెను. వ్యాధిగ్రస్తుడైన పిగట్‌ను కుంపిణీ తోటబంగళాకు చేర్చిరి. అచ్చట 1777 మే 11న ఆయన మరణించెను. కరోనరు జ్యూరీని సమావేశపరచెను. విషప్రయోగము కాని ఆయుధఘాతము కాని యిందు లేదు. అన్యాయముగా బంధింపబడినవాడు ఆ నిర్బంధములో రోగముచే మరణించినచో, బంధించినవారు హంతకులగుదురా? జ్యూరీవారికి తోచిన సమాధానము అగుదురనియే. ఆయనను నిర్బంధించిన వారందరిపైనను బుద్ధిపూర్వక హత్యానేరము మోపిరి. కాని కరోనరు విచారణ సక్రమముగా జరుగలేదని బంగాళపు సుప్రీంకోర్టు తేల్చుటతో ఆ నేరారోపణ వీగిపోయెను. జ్యూరీ తర్కము న్యాయశాస్త్రమునకు లొంగకున్నను, లోకమునకు అర్థమగునట్టిది.

ఇంతలో లండనులో మరొక వింత. పిగట్‌ను పదవియందు పునఃప్రతిష్ఠించి, వారము లోపల అధికారమప్పగించి మరలి రమ్మను ఉత్తరువు 1777 జూన్ 10న వెలువడెను. అప్పటికి ఆయన పోయి నెల దినములు. ఓడలు నెలల తరబడి నడచు కాలమది.

తమ్ముడు అడ్మిరల్ హ్యూ పిగట్ 1779లో కామన్సు సభలో ఈ విషయము లేవనెత్తెను. స్ట్రాటన్, బ్రూక్, ఫ్లాయరు, మెకే అను నలుగురు కౌన్సిలు సభ్యులపై విచారణ జరిగెను. అది హత్యానేరమునకు కాదు, అక్రమనిర్బంధమునకు మాత్రమే. 1780 ఫిబ్రవరిలో ఒక్కొక్కరికి వేయి పౌనుల జరిమానా విధించిరి. నవాబు ఋణపత్రములతో ఆడుకొనినవారికి అదొక లెక్కయా? బెన్‌ఫీల్డు ఆ సంవత్సరమే పార్లమెంటు సభ్యుడాయెను.